తెల్లమచ్చలనే కాల్చిన ఎండ

ఆమె అసలు పేరు తోళ్ళ గోడౌను హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా కనిపించదు. అందరికీ ఆమె ఉప్పక్క. ఇరవైరెండేళ్ళుగా పచ్చితోళ్ళకు ఉప్పు పట్టించడం ఆమె పని. లారీ దిగిన తోలును సిమెంటు అరుగు మీద బొచ్చు కిందికి వచ్చేలా పరచాలి. అంటుకున్న కొవ్వునీ కండనీ వంకర కత్తితో గీకెయ్యాలి. దోసిళ్ళతో ఉప్పు చల్లి, అరచేత్తో మూలమూలకీ పట్టించి, దాని మీద ఇంకో తోలు పరచాలి. గుట్ట ఛాతీ ఎత్తు అయ్యేదాకా నడుం ఎత్తడానికి లేదు.

ఆ ఉప్పు ఆమె వేళ్ళ కణుపుల్లో చీలికలు పెట్టింది. ఆ చీలికల్లోకి రోజూ మళ్ళీ ఉప్పే. "నేను చచ్చాక ఎన్నాళ్ళు పెట్టుకున్నా కుళ్ళనే, బాగా ఊరిపోయి ఉన్నాను" అంటుంది తోటి ఆడవాళ్ళతో. బస్సులో ఆమె పక్కన ఎవరూ కూర్చోరు. ముక్కు మూసుకుని లేచి వెళ్ళిపోతారు. "మహారాణిని, రెండు సీట్లూ నావే" అని కాళ్ళు చాపుకుంటుంది. మొగుడి ఊసెత్తితే మాత్రం, "ఆ తోలు ఎప్పుడో అమ్మేశాను. నాలుగో రకం కిందకి కూడా రాలేదు" అని మాట తుంచేస్తుంది.

నాణ్యం చూసి తోళ్ళ రకాలు తీయడంలో ఆమెకు సాటి లేరు. కళ్ళు మూసుకుని అరచెయ్యి పోనిస్తే చాలు, ఆ గొడ్డు బతుకంతా చెప్పేస్తుంది. ఇది బండి లాగిన మెడ. ఇక్కడ ములుకర్రతో పొడిచారు. ఇవి గోమార్లు తిన్న చిల్లులు. ఇది కత్తికి పోలేదు, నెలరోజులు మంచాన పడ్డట్టు పడి పోయింది. యజమానులు ఏం చెప్పుకున్నా, కొట్టిన దెబ్బ ఎక్కడ పడిందో ఆమె వేలికి దొరికిపోతుంది.

ఒకప్పుడు ఆ గోడౌనులో చేతొడుగులు కూడా లేవు. ఒకామె చెయ్యి కుళ్ళి మణికట్టు దాకా తీసేసిన ఏడు, ఉప్పక్క పని ఆపించి ముప్ఫైమంది ఆడవాళ్ళను తీసుకెళ్ళి ఉప్పు గుట్ట మీద కూర్చోబెట్టింది. నాలుగు రోజులు. లారీలు దిగక తోళ్ళు పురుగుపట్టాయి. అయిదో రోజు రబ్బరు చేతొడుగుల పెట్టె వచ్చింది. అప్పట్నుంచి గోడౌను మేనేజరు ఆమెను "మేడమ్" అంటాడు, వెటకారంగానే, కానీ కాస్త దూరంగా నిలబడి.

ఆమెకు ఉన్నది ఒక్కడే తమ్ముడు. అమ్మ పోయేసరికి వాడికి ఆరేళ్ళు. ఉప్పు చేతులతోనే వాడికి అన్నం కలిపి పెట్టింది, "కూరలో ఉప్పు వెయ్యక్కర్లేదక్కా" అని వాడు వెక్కిరిస్తే మొట్టికాయ వేసింది. ఇప్పుడు వాడికి రోడ్డు వారన బ్యాటరీల కొట్టు ఉంది. లారీలవీ ఆటోలవీ చచ్చిన బ్యాటరీలు విప్పి, రేకులు మార్చి, ఆసిడ్ నింపి, మళ్ళీ ప్రాణం పోస్తాడు. పని చక్కగా చేస్తాడు. ఉన్నదల్లా నోటి దూల. కోపం వస్తే ముందు మాట జారుతుంది, తర్వాత మెదడు మేలుకుంటుంది.

ఆ దూలే వాణ్ణి పట్టిచ్చింది.

కొట్టు వెనక నలభై పాడి ఆవుల దొడ్డి ఉంది. దాని యజమానిని అందరూ పాలాయన అంటారు. పేడనీళ్ళు సరిగ్గా తమ్ముడి కొట్టు గుమ్మంలోకి పారతాయి. ఎన్నిసార్లు చెప్పినా పాలాయన కాలవ తవ్వించలేదు. ఒకరోజు కొత్త బ్యాటరీలు మూడు పేడనీళ్ళలో తడిశాయి. తమ్ముడు రోడ్డు మధ్య నిలబడి, చుట్టూ ఇరవైమంది వింటుండగా అరిచాడు: "ఇంకోసారి నీళ్ళొచ్చాయంటే నీ గొడ్ల మీద ఆసిడ్ పోస్తా, చూస్కో!"

సరిగ్గా పన్నెండు రోజులకు ఆవుల చర్మం ఊడిపోవడం మొదలైంది.

*

మిట్టమధ్యాహ్నం గోడౌనులోకి ఎవరో పరుగెత్తుకొచ్చారు. "ఉప్పక్కా! నీ తమ్ముణ్ణి దొడ్డి గేటుకి కట్టేశారు. చంపేసేలా ఉన్నారు."

ఆమె చేతొడుగులు తీయలేదు. గీకుడు కత్తి నడుముకు అలాగే ఉంది. రబ్బరు చెప్పులు దారిలో ఎక్కడ జారిపోయాయో తెలియదు. కాలిన తారు మీద వట్టి కాళ్ళతో ఆమె ఎలా పరుగెత్తిందో చూసినవాళ్ళు తర్వాత చాలాకాలం చెప్పుకున్నారు.

గేటు ఇనప స్తంభానికి ఆవుల తాళ్ళతోనే వాణ్ణి కట్టారు, నడినెత్తిన ఎండ పడేలా. కుడి కన్ను ఉండాల్సిన చోట ఒక ఊదారంగు గడ్డ. పెదవి రెండుగా చీలింది. చొక్కా రక్తంతో ఛాతీకి అంటుకుపోయింది. కుడిచేతి మూడు వేళ్ళు వేలాడుతున్నాయి. వాడి స్పానరుతోనే వాడి వేళ్ళు చితక్కొట్టారు. ఆమె చూస్తుండగానే ఒకడు వచ్చి, ఏదో మర్చిపోయిన పని పూర్తిచేస్తున్నట్టు, పొట్టలో గుద్ది వెళ్ళాడు. ముప్ఫై నలభైమంది ఉన్నారు. రోజూ ఆ కొట్టు ముందు ఆగి పలకరించేవాళ్ళే.

దొడ్డిలో పుళ్ళు పడ్డ పదకొండు మచ్చల ఆవుల్ని ఎండలో వరసగా కట్టారు. గాలీ వెలుతురూ తగిలితే పుళ్ళు ఆరతాయని పాలాయన నమ్మకం. ఉప్పక్క వాటివైపు తిరిగింది. మూతి చర్మం పెచ్చులుగా లేచిపోయి కింద ఎర్రటి మాంసం. చెవులు ఎండుటాకుల్లా ముడుచుకుని చిట్లాయి. వీపు మీద చర్మం అట్టలా బిరుసెక్కి, అంచుల దగ్గర పైకి లేచి ఊగుతోంది. పొదుగు తోలు గుడ్డలా చినిగి వేలాడుతోంది. ఒక ఆవు ఆ బాధకు స్తంభానికేసి తలను కొట్టుకుంటోంది. ఆగి, మళ్ళీ కొట్టుకుంటోంది. నలుపూ తెలుపూ మచ్చల పెద్దావు ఒకటి పొద్దున్నే పోయింది. గోడవార అలాగే పడి ఉంది. ఈగలు.

పాలాయన చేతిలో నీలం డబ్బా ఉంది. తమ్ముడి కొట్టులోది. నీళ్ళు కలపని చిక్కటి ఆసిడ్.

"వచ్చిందండీ తోళ్ళది" అన్నాడు పాలాయన. "చూడవే నీ తమ్ముడు చేసిన పని. కళ్ళారా చూడు. వీటికి ఏం చేశాడో అదే వాడికీ చేస్తాను. మొహం మీదే పోస్తాను. అప్పుడు తెలుస్తుంది మంట."

"పొయ్యి, పొయ్యి!" అని వెనక నుంచి ఒకడు.

"పోలీసులకి చెప్పారా?" ఉప్పక్క అడిగింది.

"పోలీసులొచ్చి ఆవుకి తోలు కుడతారా?" ఎవరో నవ్వారు. నవ్వుతున్నవాళ్ళు ఏదైనా చేస్తారు.

ఆమె తమ్ముడి గడ్డం పట్టుకుని పైకెత్తింది. "ఒరేయ్, నా మొహం చూడు. నువ్వు చేశావా?"

వాడు ఒంటికన్నుతో చూశాడు. నోట్లో రక్తం మింగాడు. "నువ్వు కూడానా అక్కా?"

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆమెకు వాడి మీద నమ్మకం లేదు. అన్నంత పనీ చేశాడేమో. చేసుంటే, అప్పుడు ఈ చేతులతో పెంచినదాన్ని తనేం చెయ్యాలి? తెలుసుకోవడానికి ఆమెకు ఒకటే దారి తెలుసు. గిరుక్కున తిరిగి చచ్చిన ఆవు దగ్గరికి నడిచింది.

"ఎక్కడికే?" అంటూ ఒకడు జుట్టు పట్టి వెనక్కి లాగాడు. ఆమె మోచేత్తో వాడి ముక్కు మీద పొడిచింది. కటుక్కుమంది. "తోలు చూడ్డం నా పని. చూడనివ్వండి. తర్వాత చంపుకుందురుగానీ" అంది.

మోకాళ్ళ మీద కూర్చుని, చేతొడుగు ఊడదీసి, వట్టి అరచెయ్యి ఆవు వీపు మీద పెట్టింది. కళ్ళు మూసుకుంది.

తెల్లమచ్చ మీద చర్మం పెంకులా విరిగింది. వేలు ముందుకు జరిపింది. మచ్చ అంచు వచ్చింది. నలుపు మొదలైంది. అక్కడ తోలు మెత్తగా, నిండుగా, ఏ దెబ్బా లేకుండా ఉంది. మళ్ళీ తెలుపు: పెంకు. మళ్ళీ నలుపు: పట్టులాంటి తోలు. ఎవరో గీత గీసి ఇక్కడిదాకా కాల్చు, ఇక్కణ్ణుంచి కాల్చకు అని చెప్పినట్టు. కాలు ఎత్తి పొట్ట కింద తడిమింది. తొడల మధ్య కూడా తెలుపే. ఎండ సోకని ఆ తెలుపుకి మాత్రం ఏమీ కాలేదు.

ఎన్నో ఏళ్ళ కిందటి ఒక లారీ గుర్తొచ్చింది. ఏదో కొండవైపు నుంచి వచ్చిన తోళ్ళు. తెలుపంతా రాలిపోయి నలుపు మాత్రం మిగిలిన తోళ్ళు. ఆమెకు పని నేర్పిన ముసలామె వాటిని కాలితో పక్కకి నెట్టి, "కంపతోలు. పూలకంప తిన్న గొడ్డు ఎండకి కాలిపోద్ది. దీన్ని నాలుగో రకంలో కూడా వెయ్యకు" అంది.

ఉప్పక్క లేచింది. ఊపిరి ఆడింది. తమ్ముడివైపు చూడలేదు, చూస్తే ఏడుపొస్తుంది.

"పాలాయనా, ఆ డబ్బాలోదే కదా మా వాడు పోశాడంటున్నావు?"

"దీన్లోదే."

"మరి నా తమ్ముడి మీద పొయ్యబోయే ముందు నీ ఆవు మీద పోసి చూపించు. చచ్చిందానికి కొత్తగా నొప్పేం ఉండదు."

"ఏం నాటకాలే?"

"భయమా? ఆసిడేగా. ఇదిగో, ఇక్కడ. పొట్ట కింద తెలుపూ నలుపూ కలిసిన చోట."

గుంపులోంచి ఎవరో "పోసి చూడవయ్యా, పోయేదేముంది" అన్నారు. పాలాయన పళ్ళు కొరుకుతూ మూత తిప్పి, వంగి, ఒలకబోశాడు.

బుసబుసమని పొగ లేచింది. ఘాటైన కంపు. ముందున్నవాళ్ళు మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగారు. తెల్ల బొచ్చు గోధుమరంగై కరిగింది. దాని పక్కనే నల్లబొచ్చూ కరిగింది. ధార కిందికి జారి, తెలుపు మీదుగా నలుపు మీదికి, నలుపు మీదుగా తెలుపు మీదికి, ఒకటే చార కాల్చుకుంటూ పోయింది.

"చూశారా?" ఉప్పక్క గొంతు ఇప్పుడు గోడౌనులో లారీల మోత మీదుగా అరిచే గొంతు. "ఆసిడ్‌కి రంగు తెలుస్తుందా? తెలుపుని పట్టుకుని నలుపుని వదిలేస్తుందా? పదకొండు ఆవుల మీద, ఒక్క చుక్క పక్కకి పోకుండా, మచ్చల అంచులు చూసి బొమ్మ గీసినట్టు పోశాడా మా వాడు? ఒక్కదాని మీదైనా కారిన చార ఉందా? వెళ్ళి చూడండి. కళ్ళున్నాయిగా ఇంకా, మీకు రెండేసి!"

ఒకరిద్దరు ఆవుల దగ్గరికి వెళ్ళి వంగి చూశారు. ఒకడు నల్లమచ్చ మీద చెయ్యి వేసి, తీసి, తన అరచెయ్యి చూసుకున్నాడు.

"మరి ఎందుకయ్యింది?" పాలాయన అడిగాడు.

ఉప్పక్క నడుములోంచి కత్తి తీసి ఆవు పొట్ట చీల్చింది. అది మామూలు మనిషి చూడగల దృశ్యం కాదు. ఇద్దరు వాంతి చేసుకున్నారు. కార్జం పసుపచ్చగా ఉబ్బి ఉంది. పైత్యపు తిత్తి మామూలుకి నాలుగింతలు లావెక్కి, ముట్టుకుంటే పగిలేలా ఉంది. పెద్దపొట్టలో మేత కదలకుండా గట్టిపడిపోయింది. ఆమె ఒక గుప్పెడు తీసి, నలిపి, వాసన చూసి, పాలాయన ముక్కు కింద పెట్టింది. బెల్లపు మడ్డి తీపి వెనకాల గుప్పుమనే ఘాటు. గరుకు ఆకుల ముక్కలు, ముళ్ళున్న పుల్లల ముక్కలు, అన్నీ వేలెడేసి, మిషను కోసినట్టు సమంగా.

"ఇదేం మేతయ్యా?"

అందరి కళ్ళూ దొడ్డి మూలకి తిరిగాయి. అక్కడ గడ్డి కోసే మిషను ఉంది. దాని పక్కన అది తిప్పే కూలీ గోడకి అంటుకుపోయి నిలబడ్డాడు.

అసలు కథ వాడి నోటి నుంచే బయటికొచ్చింది. దొడ్డి వెనకున్న బీడంతా ఒకప్పుడు అందరిదీ. గొడ్లన్నీ అక్కడే మేసేవి. మూడేళ్ళ కిందట ఒక కంపెనీ దాన్ని చుట్టేసుకుని, ఎవరూ దూరకుండా పూలకంప కంచె పెంచింది. ఎరుపూ పసుపూ కలిసిన గుత్తిపూలు, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. బీడు పోయాక ఆవులు కట్టుకొయ్యకే అంకితమయ్యాయి. మేతకి కటకట. కంపెనీవాళ్ళు కంచె కత్తిరించి రోడ్డున పోసిన పచ్చి గుట్టల మీద పాలాయన కన్ను పడింది. ఆవుల ముందు వేస్తే అవి మూతి తిప్పుకున్నాయి. మూడుసార్లు వేసినా ముట్టలేదు.

"నేను చెప్పాను బాబూ" అన్నాడు మిషను మనిషి. "వద్దంటున్నాయి కదా, మానేద్దామన్నాను. మిషన్లో వేసి, జొన్నచొప్పతో కలిపి, బెల్లపు మడ్డి పొయ్యమన్నారు. తీపికి తినేశాయి."

"అబద్ధం!" పాలాయన వాడి చెంప ఛెళ్ళుమనిపించాడు. "నువ్వే ఏదో కలిపావు!"

అంతే. గుంపుకి ఇంకో మనిషి దొరికాడు. అవే చేతులు, అదే ఊపు. మిషను మనిషి ఒక్క తోపుకి నేల మీద పడ్డాడు. ఎవరో వాడి పక్కటెముకల్లో తన్నారు. ఉప్పక్క వెళ్ళి వాడికి అడ్డంగా నిలబడింది, మోచేతుల దాకా నెత్తురుతో, చేతిలో కత్తితో.

"సిగ్గు లేదూ? ఒకణ్ణి దించకుండానే ఇంకొకణ్ణా? గొడ్డు నోరు మూసుకుని వద్దంది. ఈ కూలోడు నోరు తెరిచి వద్దన్నాడు. వినని మనిషి ఎదురుగా ఉంటే మీకు ఆయన మీదికి చెయ్యి లేవదేం? బీడు మింగిన కంపెనీ మీదికి లేవదేం? తేరగా దొరికినోళ్ళేనా మీకు?"

పాలాయన డబ్బా కింద పెట్టాడు. అది ఒరిగింది. మట్టి బుసబుసలాడింది.

"ముందు నీడకి మార్చండి" అంది ఉప్పక్క. "ఆవుల్ని. వీణ్ణి కూడా."

తాళ్ళు విప్పుతుంటే తమ్ముడు ఆమె భుజం మీద వాలిపోయాడు. "అక్కా, చెమటకంపు కొడుతున్నావు" అన్నాడు చీలిన పెదవితో. అప్పుడు ఏడ్చింది ఉప్పక్క, రోడ్డు అదిరేలా.

*

పశువుల డాక్టరమ్మ రెండు గంటల తర్వాత వచ్చింది. పాలాయన రెండు రోజుల కిందటే కబురు పెట్టాడు. అరవై ఊళ్ళకి ఆవిడ ఒక్కతే. మిగతా కుర్చీలు ఖాళీగా ఉండి ఆరేళ్ళయింది. ఆవిడ కార్జాన్ని చూసి తలాడించింది.

"లాంటానా అంటాం ఈ మొక్కని. ఆకులో లాంటడీన్ అనే విషం ఉంటుంది. అది కార్జం మీద పడి పైత్యం దిగే దారి మూసేస్తుంది. పొట్ట కదలదు. పచ్చమేత అరిగితే ఒక రంగు పదార్థం పుడుతుంది. మామూలుగా అది పైత్యంతో బయటికి పోవాలి. దారి లేక నెత్తుట్లో కలిసి చర్మం కిందకి చేరుతుంది. దాని మీద ఎండ పడిందా, లోపల్నుంచి మంట పెట్టినట్టే. నల్లటి చర్మం ఎండని ఆపుతుంది. తెల్లటిది ఆపలేదు. ఆవుకి ఆ ఆకు చేదని నాలుకే చెప్తుంది. మీరు బెల్లం పూసి ఆ నాలుకని మోసం చేశారు."

"ఎండలో కడితే మంచిదనుకున్నానమ్మా" అన్నాడు పాలాయన.

"కాల్చింది అదేనయ్యా."

బొగ్గుపొడి నీళ్ళు పట్టించి, మందులు ఎక్కించి, చీకటి కొట్టంలో ఉంచినా ఇంకో అయిదు ఆవులు పోయాయి. వాటి తోళ్ళు గోడౌనుకే వచ్చాయి. ఉప్పక్క ఒక్కొక్కటీ విప్పి, తడిమి, కంపతోళ్ళ గుట్టలో పడేసింది. ఆ గుట్టకి ఉప్పు కూడా దండగే.

తమ్ముడి కుడి కన్ను తీసేశారు. మూడు వేళ్ళు వంగవు. పోలీసులు మొదట "గేటు తగిలి పడ్డాడు" అని రాసుకున్నారు. ఉప్పక్క గోడౌను ఆడవాళ్ళందరినీ తీసుకెళ్ళి స్టేషను వరండాలో కూర్చోబెట్టింది. ఆ వాసనకి రెండో రోజే కాగితం మారింది. పద్నాలుగు మంది మీద కేసు. పెద్దమనుషులు రాజీకి తిరిగారు. ఊరి ఆవుల కోసం ఆ కంప కూడా పీకిస్తాం, కేసు వదిలెయ్యమన్నారు. "కేసు కేసే, కంప కంపే. రెండూ ఒక తాటికి కట్టకండి" అంది.

కంప మాత్రం పీకక తప్పలేదు. మిగిలిన ఆవులకి బీడు కావాలి. ఒక ఆదివారం పొద్దున్నే దొడ్ల వాళ్ళంతా కంచె దగ్గరికి వచ్చారు. వాళ్ళలో ఆ పద్నాలుగు మందీ ఉన్నారు. కంపెనీ కాపలావాడు ఈల ఊది ఊది, ఊపిరి చాలక కూర్చుండిపోయాడు. వేళ్ళతో సహా పీకకపోతే మళ్ళీ మొలుస్తుంది ఆ మొక్క. ముళ్ళకి అరచేతులు చీరుకుపోతున్నాయి. నెత్తురోడుతూనే లాగుతున్నారు.

"చేతొడుగులేమైనా ఉన్నాయా ఉప్పక్కా?" అడిగాడొకడు. వాడి ముక్కు ఇంకా వంకరగానే ఉంది.

"మాకవి రావడానికి నాలుగు రోజులు ఉప్పు గుట్ట మీద కూర్చున్నాం. నువ్వూ కూర్చో, వస్తాయి." తన పాత జత మాత్రం తీసి మిషను మనిషి వైపు విసిరింది.

మధ్యాహ్నానికి పాలాయన ఆమె దగ్గరికి వచ్చాడు. అరచేతుల నుంచి మోచేతుల దాకా ఎర్రగా చారలు.

"తప్పయిపోయింది" అన్నాడు.

ఉప్పక్క వంగి ఒక మొదలు పట్టుకుంది, కాలు తన్నిపెట్టి లాగింది. వేరు తెగలేదు.

"నాక్కాదు చెప్పాల్సింది. వాడు కొట్లోనే ఉన్నాడు, పో. ఎడమవైపు నిలబడి చెప్పు" అంది తల ఎత్తకుండానే. "కుడివైపు నుంచుంటే వాడికి కనపడవు."